తక్కువ ఖర్చులో షార్ప్ క్లోజప్‌లు: ఎఫ్‌జడ్300, రేనాక్స్ లెన్సులతో నా అనుభవం

క్లోజప్ ఫోటోలకు తక్కువ ధరలో ఏ కెమెరా తీసుకోవాలని ఎవరైనా అడిగితే, తీయబోయేది కదిలేదా కదలనిదా అని ముందు తెలుసుకుంటాను. నాణేలు, స్టాంపులు, నగలు, ఎండుటాకుల ఈనెలు తీసేవాళ్లకు చాలా కెమెరాలు పనికొస్తాయి. చీమ, సాలీడు, తూనీగ, సీతాకోకచిలుక తీయాలనుకునేవాళ్లకు అంత సులువు కాదు. నాకు పురుగులంటే చాలా ఇష్టం, కాబట్టి నా ఎంపికంతా వాటిని బట్టే జరిగింది. పానాసోనిక్ లుమిక్స్ ఎఫ్‌జడ్300 కెమెరా, దాని ముందు తగిలించుకునే రేనాక్స్ క్లోజప్ లెన్సులు రెండు: కొన్నేళ్లుగా నా సంచిలో ఉండే సరంజామా ఇదే. ఇంత ఖర్చులో ఈ పనికి ఇంతకన్నా మంచిది నాకింకా కనబడలేదు.

ఎఫ్‌జడ్300 2015లో వచ్చింది. లెన్స్ మార్చే వీలు లేని బ్రిడ్జ్ కెమెరా ఇది. 12 మెగాపిక్సెళ్లు, 1/2.3 అంగుళాల చిన్న సెన్సర్ (బొమ్మ పడే చిప్పు). లెన్స్, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాల లెక్కలో 25 నుంచి 600 మిల్లీమీటర్లకు సమానమైన జూమ్. జూమ్ ఎంత లాగినా ఎఫ్/2.8 అపర్చర్ తగ్గదు. అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం; ఎఫ్ పక్కన సంఖ్య పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. బరువు సుమారు 690 గ్రాములు. తెర పక్కకు తెరుచుకుని ఎటైనా తిరుగుతుంది కాబట్టి, నేల మీద పాకే వాటిని తీయాలంటే కెమెరాని మట్టికి ఆనించి పైనుంచి తెర చూసుకోవచ్చు. దుమ్ముకీ చినుకులకీ తట్టుకునేలా తయారుచేశారు. వ్యూఫైండర్ ఉంది, రా ఫైళ్లు (కెమెరా మెరుగులు దిద్దని ఫోటోలు) తీస్తుంది. 12 మెగాపిక్సెళ్లు తక్కువ కదా అని సందేహించేవాళ్లకు ఒక లెక్క: 4000 × 3000 పిక్సెళ్ల ఫోటోని అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రిస్తే 13 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు వస్తుంది. గోడకు తగిలించుకోవడానికి అది చాలు. క్లోజప్‌లో షార్ప్‌నెస్‌ని తేల్చేవి వెలుతురు, దూరం, చేతి నిలకడ. మెగాపిక్సెళ్ల వంతు వాటి తర్వాతే.

దూరం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చాలామంది కొనుగోలు తప్పుదారి పట్టేది ఇక్కడే. ప్రకటనల్లో "1 సెం.మీ. మాక్రో" అని, అంటే అంత దగ్గర్నుంచి తీయవచ్చని కనబడుతుంది. ఎఫ్‌జడ్300కి కూడా ఆ సంఖ్య ఉంది. అయితే అది జూమ్ అస్సలు లాగనప్పుడు, అంటే వైడ్‌లో మాత్రమే. జూమ్‌ని చివరిదాకా లాగితే ఫోకస్ అయ్యే కనీస దూరం 1 మీటరుకు వెళ్తుంది. వైడ్‌లో 1 సెం.మీ. దూరాన పెడితే లెన్స్ నీడ పురుగు మీదే పడుతుంది. ఆ నీడ చూడగానే అది ఎగిరిపోతుంది. ఒకవేళ ఉన్నా, దగ్గరున్న తల పెద్దగా, వెనకున్న ఒళ్లు చిన్నగా, చూసిన దానికి పోలిక లేకుండా వస్తుంది. నాణెం లాంటిది తీసినా అంచుల దగ్గర ఆకారం తేడాగా కనబడుతుంది. పువ్వు చుట్టూ ఉన్న పరిసరాలు కూడా కలిపి చూపించాలనుకున్నప్పుడు ఈ వైడ్ మాక్రో చాలా అందంగా పనిచేస్తుంది, నేనూ వాడతాను. ఫ్రేమ్ నిండుగా పురుగు కళ్లు కావాలంటే మాత్రం అది దారి కాదు.

ఇక్కడే క్లోజప్ లెన్స్ ఉపయోగం. ఎఫ్‌జడ్300 లెన్స్ ముందు 52 మి.మీ. ఫిల్టర్ మరలు ఉన్నాయి. రేనాక్స్ డీసీఆర్-150, డీసీఆర్-250 అనే రెండు లెన్సులు 52 నుంచి 67 మి.మీ. మరల మీద స్ప్రింగు క్లిప్పుతో ఇట్టే బిగుస్తాయి. తియ్యడం, పెట్టడం క్షణాల్లో అయిపోతుంది. లెన్స్ బలాన్ని డయాప్టర్లలో కొలుస్తారు: 150 బలం 4.8 డయాప్టర్లు, 250 బలం 8 డయాప్టర్లు. వెయ్యిని ఆ బలంతో భాగిస్తే పనిచేసే దూరం మిల్లీమీటర్లలో వస్తుంది: 150కి దాదాపు 208, 250కి 125. కెమెరాని దూరానికి ఫోకస్ చేసి ఉంచినంతసేపూ, జూమ్ ఎంత లాగినా ఆ దూరం మారదు. పురుగుకి ఒక జానెడు దూరంలోనే ఆగి, జూమ్ తిప్పుతూ దాన్ని ఫ్రేమ్‌లో పెద్దది చేసుకుంటూ పోవచ్చు. ఈ ఒక్క గుణం కోసమే పొడవాటి జూమ్ ఉన్న కెమెరా కొనమంటాను.

ఎంత పెద్దదవుతుందో కూడా లెక్క కట్టవచ్చు. 600 అన్నది సమానమైన లెక్క మాత్రమే; ఈ కెమెరా లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ జూమ్ చివర 108 మి.మీ. దాన్ని 208తో భాగిస్తే సెన్సర్ మీద సుమారు సగం సైజు బొమ్మ పడుతుంది. సెన్సర్ వెడల్పు 6 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే కాబట్టి, ఫ్రేమ్ వెడల్పంతా కలిపి 12 మి.మీ. అవుతుంది. ఒక చిన్న గెంతుడు సాలీడు కళ్లతో, కాళ్లతో సహా అందులో నిండుగా కూర్చుంటుంది. 250 తగిలిస్తే ఫ్రేమ్ వెడల్పు 7 మి.మీ.కి దిగుతుంది. జూమ్ తక్కువ లాగినప్పుడు మాత్రం మూలల్లో నల్లటి గుండ్రటి నీడ వస్తుంది. అది మాయమయ్యేదాకా జూమ్ లాగితే సరి.

చవగ్గా దొరికే ఒంటి గాజు క్లోజప్ ఫిల్టర్ల సెట్లు కూడా వాడి చూశాను. మధ్యలో పరవాలేదు గానీ అంచులు మెత్తగా, తెల్లటి వస్తువుల చుట్టూ ఊదారంగు గీతలతో వస్తాయి. జూమ్ పెంచేకొద్దీ ఆ లోపం కూడా పెద్దదవుతుంది. రేనాక్స్ లెన్సులు ఒకటికి మించిన గాజులు కలిపి, రంగులు విడిపోకుండా సరిచేసినవి. డబ్బు పొదుపు చేయాలంటే కెమెరా పాతది కొనండి. ముందు పెట్టే గాజు దగ్గర మాత్రం రాజీ వద్దు.

పెద్ద సెన్సర్ ఉన్న కెమెరానే షార్ప్ అని ఒక గట్టి నమ్మకం జనంలో ఉంది. తక్కువ వెలుతురులో అది నిజమే. క్లోజప్‌లో మాత్రం ఫోకస్ పడే లోతు, అంటే ముందు నుంచి వెనక్కి ఎంత మేర షార్ప్‌గా వస్తుందన్నది, చాలా ముఖ్యం. ఒకే ఫ్రేమింగ్‌తో ఈ చిన్న సెన్సర్ కెమెరాలో ఎఫ్/4 దగ్గర వచ్చే లోతు ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో రావాలంటే దాదాపు ఎఫ్/22 పెట్టాలి. అంత మూస్తే వెలుతురు తగ్గి ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) పెంచాల్సి వస్తుంది, చిన్న సెన్సర్‌కున్న నాయిస్, అంటే ఫోటోలో ఇసక చల్లినట్టు చుక్కలు వచ్చే ఇబ్బంది, అక్కడికీ వచ్చేస్తుంది. అలాగని ఎఫ్‌జడ్300లో అపర్చర్‌ని ఎఫ్/8 దాకా మూయకండి. పిక్సెళ్లు ఇంత చిన్నవైనప్పుడు కాంతి వంపు వల్ల సన్నటి వివరం కరిగిపోతుంది. నా ఫోటోల్లో అతి సన్నని వెంట్రుకలు విడివిడిగా కనబడేవి ఎఫ్/4, లేదా ఎఫ్/5 దగ్గర తీసినవే.

ఆ ఎఫ్/4లో కూడా, 12 మి.మీ. ఫ్రేమ్‌కి ఫోకస్ లోతు అర మిల్లీమీటరు ఉండదు. కాబట్టి పురుగు ఒళ్లు ఎటు పడుకుని ఉందో చూసుకుని, సెన్సర్‌ని దానికి సమాంతరంగా పట్టుకోవాలి. పక్కనుంచి తీసిన తూనీగ తల నుంచి తోక దాకా షార్ప్‌గా వస్తుంది. అదే తూనీగని ఎదురుగా తీస్తే కళ్లు మాత్రమే వస్తాయి. కళ్లు షార్ప్‌గా ఉంటే మిగతాది మసకబారినా చూసేవాళ్లు క్షమిస్తారు.

ఆటోఫోకస్ రేనాక్స్ వెనక కూడా పనిచేస్తుంది, కానీ దానికి ఇరుకైన హద్దు ఉంది. జూమ్ చివర 150 పెట్టినప్పుడు దాదాపు 17 నుంచి 21 సెంటీమీటర్ల మధ్య ఉన్న దాన్నే పట్టుకోగలదు. 250తో అయితే 11 నుంచి 12.5 సెంటీమీటర్ల లోపల. ఆ హద్దు బయట ఎంత నొక్కినా వృథా. నా పద్ధతి ఏమిటంటే, ఒకసారి ఫోకస్ పెట్టి మాన్యువల్‌కి మార్చేస్తాను. ఫోకస్ పీకింగ్ ఆన్ చేస్తే షార్ప్‌గా ఉన్న అంచులు రంగు గీతలతో వెలుగుతాయి. తర్వాత ఒంటిని కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ ఊపుతూ, కంటి మీదికి ఆ రంగు రాగానే బర్స్ట్ (వరసగా ఫోటోలు తీసే పద్ధతి)లో నొక్కుతాను. సెకనుకు 12 ఫ్రేములు తీస్తుంది కాబట్టి వాటిలో ఒకటి సరిగ్గా పడుతుంది. మిగతావి తీసేయాల్సిందే. ఇంత దగ్గర్లో ఇమేజ్ స్టెబిలైజేషన్‌ని ఎక్కువ నమ్ముకోకూడదు. అది కెమెరా వంగడాన్ని సరిచేస్తుంది గానీ, ఒళ్లు ముందుకీ పక్కకీ జరగడాన్ని ఆపలేదు. ఎడమ చేతి వేళ్లని ఆకు కాడకి ఆనించి, అదే చేతి మీద లెన్స్ పెట్టుకుంటే చాలా తేడా వస్తుంది.

వెలుతురుకి కెమెరాలో ఉన్న ఫ్లాషే నాకు సరిపోతోంది, కాకపోతే దాన్ని నేరుగా వాడకూడదు. లెన్స్ పొడవుగా బయటికి వచ్చి ఉండడం వల్ల కింది భాగంలో నీడ పడుతుంది, పురుగుల పెంకు మీద తెల్లటి చుక్కలు మెరుస్తాయి. పల్చటి తెల్లటి ప్లాస్టిక్ షీటుకి లెన్స్ పట్టేంత కన్నం చేసి, ఫ్లాష్ ముందు కొద్దిగా వాలేలా లెన్స్ చుట్టూ తొడిగాను. వెలుతురు ఆ షీటంతా పరుచుకుని మెత్తగా దిగుతుంది. ఫ్లాష్ వెలిగే క్షణం చాలా చిన్నది కాబట్టి చేతి వణుకు కూడా ఫోటోలో కనబడదు. ఐఎస్‌ఓ 100 దగ్గరే ఉంచగలను. ఫ్లాష్ లేకుండా తీయాల్సి వస్తే 1/250 కన్నా షట్టర్ స్పీడ్ తగ్గించను, ఐఎస్‌ఓ 400 దాటనివ్వను. 800 తర్వాత వెంట్రుకలూ పొలుసులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఇంత చిన్న సెన్సర్‌కి అది తప్పదు. జేపెగ్ తీసేవాళ్లు మెనూలో నాయిస్ రిడక్షన్‌ని బాగా తగ్గించుకోవాలి. నేను రా తీసి కంప్యూటర్‌లో సరిచేసుకుంటాను.

కదలని వాటికి పోస్ట్ ఫోకస్ అనే సదుపాయం ఉంది, ఇది తర్వాతి ఫర్మ్‌వేర్‌తో (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్‌తో) చేరింది. ఫోకస్‌ని ముందు నుంచి వెనక్కి జరుపుతూ 4కే వీడియో క్లిప్ తీస్తుంది. అందులోంచి 8 మెగాపిక్సెళ్ల ఫ్రేములు విడదీసి ఎన్‌ఫ్యూజ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపితే పువ్వు కేసరాల నుంచి రేకుల అంచు దాకా అంతా షార్ప్‌గా ఉన్న ఒకే ఫోటో వస్తుంది. గాలి లేని చోట, ట్రైపాడ్ మీద పెట్టి తీసినప్పుడు దీని ఫలితం చూస్తే కెమెరా ఖరీదు గుర్తుకురాదు.

సీతాకోకచిలుకలకు రేనాక్స్ అక్కర్లేదు. జూమ్ చివర, మీటరు దూరం నుంచి తీస్తే పెద్ద రెక్కలది ఫ్రేమ్ నిండుతుంది, దానికి మీరున్న సంగతే తెలియదు.

ఇంకో కెమెరా గురించి కూడా చెప్పాలి. ఒలింపస్ టీజీ-6 అరువు తెచ్చుకుని కొంతకాలం వాడాను. చొక్కా జేబులో పడుతుంది, 15 మీటర్ల లోతు నీళ్లలోకి తీసుకెళ్లవచ్చు, ఫోకస్ స్టాకింగ్, అంటే వేర్వేరు లోతుల్లో ఫోకస్ చేసిన ఫోటోలను ఒకటిగా కలపడం, కెమెరాలోనే చేసేస్తుంది. మైక్రోస్కోప్ మోడ్‌లో జూమ్ లాగి కూడా 1 సెం.మీ. దాకా దగ్గరికి వెళ్లగలదు, ఇది చాలా కెమెరాలకు చేతకాని పని. రాళ్లు, నాణేలు, గింజలు, నాచు, సర్క్యూట్ బోర్డులు తీసేవాళ్లు కళ్లు మూసుకుని దాన్నే తీసుకోవచ్చు. పెద్దగా తీయాలంటే మాత్రం లెన్స్ దాదాపు ముట్టుకునేంత దగ్గరికి పోవాలి. అక్కడే నా పురుగులతో కుదరలేదు. పాత డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకోగల కెమెరా), దానికి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు) పెట్టే దారి కూడా చవకే. ఓపికగా ట్రైపాడ్ మీద పనిచేసేవాళ్లకు అది నప్పుతుంది.

ఎఫ్‌జడ్300 దొరక్కపోతే 2012లో వచ్చిన ఎఫ్‌జడ్200 చూడండి. అదే 25-600 జూమ్, అదే ఎఫ్/2.8, అవే 52 మి.మీ. మరలు. 4కే, దానితో నడిచే పోస్ట్ ఫోకస్ ఉండవు, దుమ్ము రక్షణ ఉండదు, తెర టచ్ కాదు. మిగతా క్లోజప్ పని మాత్రం బాగానే చేస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ముందుగా ఫిల్టర్ మరల మీద వేలు తిప్పి చూడండి. కింద పడిన కెమెరా అయితే అక్కడ సొట్ట తెలుస్తుంది, ఇక రేనాక్స్ క్లిప్పు సరిగా కూర్చోదు. టార్చి వెలుతురు లెన్స్‌లోకి వేసి సాలెగూడు లాంటి ఫంగస్ దారాలు ఉన్నాయేమో చూడండి. జూమ్‌ని చివరిదాకా లాగి అచ్చు అక్షరాలున్న కాగితాన్ని ఫోటో తీసి, నాలుగు మూలలూ పెద్దది చేసి పోల్చండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగిందన్నమాట, అలాంటిది వదిలేయండి. అన్నీ బాగుంటే మొదట 150 ఒక్కటే కొనండి. దాని దూరం, దాని లోతు చేతికి అలవాటయ్యాక, ఇంకా పెద్దగా కావాలనిపిస్తే 250 తెచ్చుకోవచ్చు.