నలభై ఏళ్ల సోనీ ఐసీఎఫ్-2001డి: పాతది కొనేముందు ఏం చూడాలి

1985లో వచ్చిన ఈ షార్ట్‌వేవ్ రేడియో ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతుంది. అమెరికాలో ఐసీఎఫ్-2010 పేరుతో అమ్మింది దీన్నే. ట్యూనింగ్ 100 హెర్ట్జ్ చొప్పున కదులుతుంది. సిగ్నల్ లేస్తూ పడుతూ ఉన్నా సింక్రోనస్ డిటెక్టర్ మాటను చెదరనివ్వదు. ఆ ఒక్క సుగుణం కోసమైనా కొనొచ్చు. అయితే సెట్టు పైకి కొత్తగా మెరుస్తోందని మోసపోవద్దు.

ట్రాన్సిస్టర్లు, ఐసీలు వయసు వల్ల పాడవడం అరుదు. ముందు పోయేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లే, అంటే విద్యుత్తును కాసేపు దాచిపెట్టే చిన్న డబ్బాల్లాంటి భాగాలు. వాటి లోపలి ద్రవం రబ్బరు మూత సందుల్లోంచి ఏళ్ల తరబడి ఆవిరవుతుంది. కెపాసిటీ తగ్గుతుంది, ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం) పెరుగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమైపోతుంది, అందుకే కిటికీ పక్కన ఎండలో పెట్టిన సెట్టు త్వరగా ముసలిదవుతుంది. శబ్దం పీలగా వస్తున్నా, అడాప్టర్ పెట్టగానే గుంయ్‌మంటున్నా ముందు వీటినే అనుమానించాలి. కొత్తవి అవే మైక్రోఫారడ్లు, అంతే వోల్టేజి లేదా ఇంకాస్త ఎక్కువ, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం వేయాలి. నెగటివ్ గీత ఎటుందో ఫొటో తీసుకున్నాకే పాతది ఊడదీయండి.

ఈ మోడల్‌కు ప్రత్యేకంగా ఉన్న జబ్బు, సర్క్యూట్‌లో క్యూ303 అని గుర్తున్న భాగం. ఏరియల్ దగ్గరి ఈ ఎఫ్‌ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్, నంబరు 2ఎస్‌కే152) బయటి పొడవాటి తీగ మీద చేరిన స్టాటిక్ విద్యుత్తుకే కాలిపోతుంది. ఎఫ్ఎం శుభ్రంగా పలుకుతూ షార్ట్‌వేవ్ మాత్రం చెవిటిదైతే ఇదే కారణం కావచ్చు. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి, సెట్టు బాగున్నప్పుడే బయటి ఏరియల్‌కూ గ్రౌండ్‌కూ మధ్య రెండు 1ఎన్4148 డయోడ్లు ఒకదానికొకటి ఎదురు దిశలో పెట్టుకోవడం మేలు. ఉరుములప్పుడు తీగ పీకేయాల్సిందే, డయోడ్లు పిడుగును ఆపవు.

“ఆన్ కావడం లేదు” అని అమ్మేవాటిని తొందరపడి వదిలేయకండి. మూడు పెద్ద సెల్లులు కాక, మెమరీకి, గడియారానికి రెండు ఏఏ సెల్లులు కూడా ఉండాలి. ఆ రెండూ లేకపోతే రేడియో లేవదు. సెల్లులు కారి స్ప్రింగుల మీద తెల్ల పొడి పట్టి ఉంటే నిమ్మరసంతో తుడిచి, ఆపై ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి. వాల్యూమ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ చాలు.

డిస్‌ప్లేలో అంకెల గీతలు మాయమైన సెట్టు మాత్రం వద్దు. ఆ ఎల్‌సీడీ కావాలంటే మరో పాత రేడియోను విప్పుకోవాల్సిందే.