చూపు తక్కువ పిల్లల అసెస్‌మెంట్ శిబిరం: ఏం దొరుకుతుంది, ఏది అడిగి చేయించుకోవాలి

ఇలాంటి శిబిరానికి నేనిచ్చేది ఐదుకు మూడు మార్కులు. కంటి కొలత వరకైతే నాలుగు వేయొచ్చు. బడిలో టీచరుకు పనికొచ్చే వివరం దగ్గర మాత్రం రెండు దాటవు.

ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు పల్లెల నుంచి నెల్లూరుకో ఒంగోలుకో బిడ్డను తీసుకుపోవాలంటే ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు ఛార్జీలు పోతాయి. అందుకే మండల కేంద్రంలో పెట్టే ఉచిత శిబిరాన్ని వదులుకోకూడదు. చూపు చూసేవాళ్లు, భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) టీచరు, పరికరాలకు పేర్లు రాసుకునేవాళ్లు ఒక్కచోటే దొరుకుతారు. అక్కడ జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం తెలియక కాదు, తొందరవల్ల వచ్చేవే. తోడు వెళ్లేవాళ్లకు విషయం తెలిస్తే సగం అక్కడికక్కడే ఆపొచ్చు.

మొదటి తప్పు చార్టు దూరం. ఆరు మీటర్ల చార్టుకు ఇరవై అడుగుల జాగా కావాలి. బెంచీలు తీయని తరగతి గదిలో పది అడుగులే మిగులుతాయి. అంత దూరం నుంచి పై అక్షరం మాత్రమే చదివిన బిడ్డకు 6/60 (మామూలు చూపున్నవాళ్లు 60 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవడం) అని రాస్తే, ఉన్న చూపును రెట్టింపు చేసి రాసినట్టు. అది 3/60. ఈ తేడా చిన్నది కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మెరుగైన కంటికి సరైన అద్దాలు పెట్టాక కూడా 3/60 కంటే తక్కువుంటే అంధత్వం, 6/18 నుంచి 3/60 దాకా అల్పదృష్టి. సరిగ్గా ఆ సరిహద్దు మీదే తప్పు పడుతోంది. టేపుతో కొలవమని అడగడానికి మొహమాటం వద్దు. ఆరు మీటర్ల దగ్గర పై అక్షరం కూడా కనపడకపోతే వెంటనే వేళ్లు లెక్కపెట్టించేస్తారు, అదీ సరికాదు. చార్టును ఒక్కో మీటరు దగ్గరికి జరుపుతూ 5/60, 4/60 అని రాయాలి.

రెండోది వరస. చుక్కల మందు వేసి అద్దాల పవరు చూస్తే కనుపాప పెద్దదై దగ్గరి చూపు మసకబారుతుంది. మందును బట్టి ఆ మసక ఒక రోజు ఉండొచ్చు, అట్రోపిన్ అయితే వారం దాటినా ఉండొచ్చు. ఆ స్థితిలో పుస్తకం చేతికిచ్చి ‘చదవలేడు’ అని రాసేస్తే ఆ మాట ఏళ్ల తరబడి ఫైల్లో ఉండిపోతుంది. చదివించి చూడటం ముందు, మందు తర్వాత. ఇప్పటికే మందు వేసేసి ఉంటే చదివే పరీక్షకు ఇంకో తేదీ అడగండి.

కళ్లు అటూ ఇటూ వణికే పిల్లల విషయం వేరు. తల పక్కకు తిప్పి చూస్తే వాళ్లకు వణుకు తగ్గి అక్షరం నిలుస్తుంది. ‘తల తిన్నగా పెట్టు’ అని గదమాయిస్తే చూపు పడిపోతుంది. ఒక కన్ను మూసినా కొందరికి వణుకు పెరుగుతుంది, కాబట్టి రెండు కళ్లు తెరిచి చూసిన కొలత కూడా విడిగా రాయాలి.

చార్టుకు అస్సలు చిక్కని పిల్లలూ ఉన్నారు, ఎదుటి చూపు బాగుండి చుట్టుచూపు తగ్గినవాళ్లు. 6/9 దాకా గడగడా చదివేసి, బయటికి వస్తూ గడప తట్టుకుని పడతారు. రేచీకటి ఉందా, సందెవేళ ఆట మానేసి ఇంటికొస్తున్నాడా, అన్నం పళ్లెం పక్కనే ఉన్న గ్లాసుకోసం తడుముతున్నాడా అని అడగాలి. ఇలాంటి జబ్బు వంశంలో రావచ్చు కాబట్టి మేనరికం ఉన్న ఇళ్లలో ఈ ప్రశ్నలు మరీ ముఖ్యం. చుట్టుచూపు 40 డిగ్రీలకంటే తక్కువున్నా చట్టం అల్పదృష్టి కిందే లెక్కేస్తుంది, 10 కంటే తక్కువైతే అంధత్వం కింద. కానీ దాన్ని తేల్చే యంత్రం శిబిరంలో ఉండదు. అక్కడ వేళ్లు కదిపి చూసే పరీక్ష మాత్రం చేయించి, పెద్దాసుపత్రికి చీటీ రాయించుకోవాలి.

ఇక రెండు మార్కుల సంగతి. శిబిరంలో అక్షరాల చార్టు చదివిస్తారు, బిడ్డ బడిలో చదివేది తెలుగు వాచకం. తెలుగులో ప్రాణమంతా చిన్న గుర్తుల్లో ఉంది. ద, ధ, థ తేడా ఒక చిన్న గీతో చుక్కో. ‘కి’కీ ‘కీ’కీ మధ్య ఉన్నది కొసన ఒక మెలిక. ఒత్తులు వరస కింద సన్నగా వేలాడుతుంటాయి. ‘ఇ’ లాంటి పెద్ద అక్షరాన్ని పోల్చుకునే బిడ్డ ఒత్తు దగ్గర ఊహించి చదువుతాడు, టీచరు ‘ధ్యాస లేదు’ అంటాడు. అందుకే బిడ్డ సొంత వాచకం, నోటుబుక్కు తీసుకెళ్లాలి. తెలియని పాఠం ఒకటి తీయాలి, కంఠతా వచ్చినదైతే పరీక్ష వృథా. ఒక నిమిషంలో ఎన్ని మాటలు చదివాడు, ఎన్ని ఒత్తులు వదిలాడు, కంటికీ పేజీకీ ఎన్ని సెంటీమీటర్లు అన్న మూడూ రాయాలి. అదే పాఠాన్ని 18, 24 పాయింట్ల అచ్చులో చదివించి వేగం ఎక్కడ పెరగడం ఆగిందో చూడాలి. ఇరవై నిమిషాలయ్యాక మళ్లీ ఒక నిమిషం చదివిస్తే అలసట బయటపడుతుంది. భవిత కేంద్రంలో తీరిగ్గా చేస్తే మొత్తం ముప్పావు గంట పని. శిబిరం రద్దీలో కాదు, కాబట్టి అక్కడే పట్టుబట్టకుండా కేంద్రం టీచరు దగ్గర రోజు ఖాయం చేసుకోవడం మేలు.

పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్లు పాడైపోతాయని శిబిరంలో కూడా ఎవరో ఒకరు అంటారు. పాడు కావు. ఆ దగ్గరితనమే బిడ్డకు భూతద్దం. మెడ వంగిపోకుండా వ్యాసపీఠం లాంటి వాలుబల్ల మీద పుస్తకం పెడితే చాలు.

బ్రెయిలీ నేర్పాలా వద్దా అన్నది 3/60 అంకె చూసి తేల్చే విషయం కాదు. పెద్ద అచ్చులోనూ వేగం రాకపోతే, పది నిమిషాలకే తలనొప్పి వస్తే, జబ్బు చూపును ఏటేటా తగ్గించేదైతే చూపు ఉండగానే మొదలుపెట్టాలి. ఒత్తులు, గుణింతాలు తలుచుకుని భయపడనక్కర్లేదు. బ్రెయిలీలో గుణింతపు గుర్తు అక్షరం తర్వాత విడి గడిలో వస్తుంది. ‘అక్క’ రాయాలంటే అ, ఆపైన నాలుగో చుక్క (ఆరు చుక్కల గడిలో నాలుగోది, తర్వాతి అక్షరం పొల్లు అని చెప్పే గుర్తు), క, క. ఒత్తుకు వేరే ఆకారం లేదు. బ్రెయిలీ పలకా, చుక్కలు గుచ్చే పుల్లా ఇచ్చి పంపేస్తే మాత్రం అవి బీరువాలోనే ఉంటాయి. రాసేది కుడి నుంచి ఎడమకు, చదివేది ఎడమ నుంచి కుడికి కాబట్టి పక్కన కూర్చుని నేర్పే మనిషి కావాలి. వారానికి ఎన్ని రోజులు, ఎవరు అన్నది పరికరం తీసుకునేటప్పుడే అడగండి.

వెళ్లేటప్పుడు ఆధార్, ఫోటోలు, పాత చీటీలన్నీ, ఇప్పుడు పెట్టుకునే అద్దాలు ఉండాలి. వైకల్య ధ్రువపత్రం వేరే పని. దానికి సచివాలయంలో సదరం (వైకల్య శాతం తేల్చే వైద్య పరీక్ష) స్లాటు తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతమే వస్తుంది, సదుపాయాలకు మామూలుగా అడిగే 40కి చేరదు. అయినా ఆ బిడ్డను ముందు బెంచీలో, పనిచేసే కన్ను బోర్డు వైపు ఉండేలా కూర్చోబెట్టడానికి ఏ పత్రమూ అక్కర్లేదు.

పెద్ద తరగతుల వాళ్లు నివేదికలో ఇంకొకటి రాయించుకోవాలి: పెద్ద అచ్చా, బ్రెయిలీనా, రాసిపెట్టే మనిషా. కేంద్ర మార్గదర్శకాలు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలంటాయి. రాసిపెట్టే మనిషికి చెప్పి రాయించడం కూడా ఒక విద్యే. లెక్కల్లో భిన్నం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో నోటితో చెప్పడం పరీక్ష హాల్లో మొదటిసారి చేస్తే, మూడు గంటల పరీక్షకు వచ్చే ఆ అదనపు గంటా అందులోనే కరిగిపోతుంది. తొమ్మిదో తరగతి యూనిట్ టెస్టుల నుంచే అలవాటు చేయించాలి.