మెక్సికో మాస్కా, జపాన్ దెబ్బా?

శుక్రవారం రాత్రి మెక్సికో సిటీలోని అరేనా మెక్సికోలో ప్రో రెజ్లింగ్ ఆట మొదలైతే కన్ను ఆర్పలేం. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఒకడు రింగు బయట పడితే చాలు, వాడి చెయ్యి తాకి వంతు తీసుకోకుండానే జతగాడు లోపలికి దూకేస్తాడు. ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలిసేలోపు ఇంకొకడు తాళ్ల మీంచి గాల్లో ఉంటాడు. ముఖానికి తొడుక్కున్న మాస్కునే పందెం కాస్తే కథే వేరు: ఓడినవాడు అక్కడే మాస్కు తీసి అసలు పేరు చెప్పాలి. ఆ టెన్షన్ ముందు ఛాంపియన్ బెల్టు ఏపాటి?

అయినా నా ఓటు జపాన్‌కే. 2017 జనవరి 4న టోక్యో డోమ్‌లో రెజ్లర్లు ఒకాడా, ఒమెగా 46 నిమిషాలకు పైగా తలపడ్డారు. మొదటి పావుగంట కాస్త సాగదీతే. కానీ ఒకాడా మణికట్టు దొరకబుచ్చుకున్నాడంటే వదలడు. లాగి మెడకు లారియట్ (చాచిన చేత్తో అడ్డంగా కొట్టే దెబ్బ) కొడతాడు, పడ్డవాణ్ని అదే చేత్తో లేపి మళ్లీ కొడతాడు.