సీలియాక్ ఉన్న బాలింతకు ఇంటి పిండి మిషన్ పనికొస్తుందా?

ఒక హెచ్‌పీ మోటారు, లోపల స్టీలు గది, కింద పిండి పడే డబ్బా, సన్నం నుంచి దొడ్డు దాకా నాలుగైదు జాలీలు. ధర 15 నుంచి 20 వేల మధ్య. ఇలాంటి మిషన్లు తాజా గోధుమపిండి కావాలనుకునే వాళ్ల కోసమే అమ్ముతారు, రివ్యూలన్నీ చపాతీ ఎంత మెత్తగా వచ్చిందన్న దాని మీదే ఉంటాయి. నేను కొన్నది మాత్రం నా పిండికి గోధుమ వాసన కూడా తగలకూడదని.

నాకు సీలియాక్, అంటే గోధుమ లాంటి గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా ఫలితం లేకపోతే టీటీజీ అనే రక్తపరీక్ష, ఎండోస్కోపీ, చిన్నపేగు బయాప్సీ (ముక్క పరీక్ష) చేసి తేల్చారు. గోధుమ, బార్లీ, రై జీవితాంతం బంద్. మందు లేదు, పథ్యమే మందు. మాది హన్మకొండ, ఇంట్లో అన్నం, జొన్నరొట్టె. తిండికి లోటేం లేదు. చిక్కంతా గిర్ని దగ్గర. మన ముందు ఎవరివో గోధుమలు పడతారు, అదే రాళ్ల మధ్య మన జొన్నలు పోస్తారు. "ఓ పిడికెడు పోసి తీసేస్త బిడ్డా, ఏం గాదు" అంటాడు గిర్ని ఆయన. మంచి మనిషే. కానీ మన దేశంలో ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే అందులో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. పిడికెడు జొన్నలతో గిర్ని అంత శుభ్రం కాదు కదా.

ఇన్నాళ్లూ ప్యాకెట్ పిండితో నెట్టుకొచ్చాను. బాబు పుట్టాక అది కుదరలేదు. రెండో నెలలో వాడి విరేచనంలో జిగురు, సన్నటి రక్తపు చారలు కనిపించాయి. వాడేమో హుషారుగా ఉన్నాడు, బరువు పెరుగుతున్నాడు. టెన్షన్ అంతా నాకే. మా అత్తమ్మ నుంచి పక్కింటి వాళ్ల దాకా అందరిదీ ఒకటే మాట: నీ గోధుమ జబ్బు పాలల్లో దిగి పిల్లగాడికి అంటుకుంది, పాలు మాన్పించు. పిల్లల డాక్టరమ్మ ఆ మాట కొట్టిపారేసింది. సీలియాక్ తల్లిపాలతో అంటేది కాదు. ఆ జన్యువులు వాడికీ వచ్చి ఉండొచ్చు, అయినా జబ్బంటూ వస్తే గ్లూటెన్ తినడం మొదలయ్యాకే. ఇంత చిన్నపిల్లల్లో, పిల్ల బాగానే ఉండి ఇలా రక్తం పడితే ఎక్కువగా అనుమానించేది ఆవుపాల ప్రొటీన్‌నే అంది. నేను తాగిన పాలలోది కొంచెం నా పాలలోకి దిగుతుందట. బర్రె పాలైనా అంతే. పాలు, పెరుగు, చాయ్, కొద్దిగా ప్రొటీన్ మిగులుతుందని నెయ్యి కూడా మాన్పించి, బాబుకు నా పాలు మాత్రం ఆపొద్దంది. తగ్గకపోతే తర్వాత సోయా సంగతి చూద్దామంది.

నాకు మిషన్ అవసరం పడింది ఇక్కడే. గ్లూటెన్ లేని బిస్కెట్, బ్రెడ్ కొందామంటే వెనక పాలపొడి ఉంటుంది. పాలు లేనిది వెతికితే సోయా పిండి. రెండూ లేనిది దొరికితే గోధుమ. బాలింతకు బలమని చుట్టాలు తెచ్చే మాల్ట్ డబ్బాల్లో బార్లీ ఉంటుంది. ఇంగువ డబ్బా తిప్పి చూడండి, చాలావాటిలో గోధుమపిండో మైదానో కలిసి ఉంటుంది. ఒక వస్తువు మానేసి రెండు నుంచి నాలుగు వారాలు చూడాలంటే, మిగతా తిండి రోజూ ఒకేలా ఉండాలి. నా కడుపు ఉబ్బితే గిర్ని పిండి వల్లా, కొత్త ప్యాకెట్ వల్లా అని వెతుక్కుంటూ కూర్చునే ఓపిక ఆ నిద్రలేని రోజుల్లో లేదు.

ఇక మిషన్ సంగతి. కొనేవాళ్లకు మొదటి జాగ్రత్త: డెమో. ఫోన్‌లో ముందే చెప్పినా, బిగించడానికి వచ్చిన అబ్బాయి సంచిలోంచి గోధుమల కవర్ తీశాడు. అందరికీ గోధుమలే పోసి చూపిస్తాడట. ఆపి, మా బియ్యం ఇచ్చాను. కంపెనీలో ఏ గింజతో పరీక్షించారో మనకు తెలియదు కాబట్టి జాలీలు, డబ్బా కడిగి ఆరబెట్టి, లోపలంతా బ్రష్‌తో దులిపి, మొదట పట్టిన బియ్యప్పిండి వాడకుండా తీసేశాం. సెకండ్ హ్యాండ్ మిషన్ సీలియాక్ ఉన్నవాళ్లు ఎంత చవకగా వచ్చినా కొనొద్దు. మూలల్లో పట్టిన పాత పిండి ఎవరూ పూర్తిగా తీయలేరు.

జొన్నలకు సన్న జాలీ వేస్తే పిండి నిజంగా బాగుంటుంది. వేడివేడిగా దిగుతుంది, చల్లారాకే డబ్బాకు ఎత్తాలి, లేకపోతే చెమ్మపడుతుంది. అప్పుడే పట్టిన పిండిలో మరిగే నీళ్లు పోసి కలిపితే రొట్టె అంచులు విరగకుండా చేతి కింద తిరుగుతుంది. ప్యాకెట్ పిండితో ఎప్పుడూ పగుళ్లే. దొడ్డు జాలీ వేసి బియ్యపు రవ్వ పట్టుకుంటాను. బొంబాయి రవ్వ గోధుమదే కాబట్టి మా ఇంట్లో ఉప్మా అంటే ఇప్పుడు ఇదే. రాగులు కూడా చక్కగా పడతాయి. పాలు మానేసిన తల్లికి రాగులు పెద్ద ఆసరా. వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అదొక్కటే చాలదని డాక్టరమ్మ కాల్షియం, డి విటమిన్ మాత్రలు కూడా రాసింది.

కానీ మిషన్ శుభ్రంగా ఉంటే సరిపోదు, గింజ కూడా శుభ్రంగా ఉండాలి. కిరాణా కొట్టులో గోధుమల బస్తాలో ముంచిన డబ్బాతోనే జొన్నలూ కొలుస్తారు. ఒకసారి చేటలో పోసి చెరుగుతుంటే తెల్లజొన్నల మధ్య పొడుగ్గా, నడుమ గీత ఉన్న గోధుమ గింజలు కనిపించాయి. అప్పటినుంచి సీల్ ప్యాకెట్లే తెచ్చి, ఏరి, కడిగి, ఎండబెట్టి పోస్తున్నాను. ఈ చాకిరీ గురించి అమ్మేవాడు చెప్పడు.

లోపాలు తక్కువేం లేవు. చప్పుడుకు తలుపు వేసినా బాబు లేస్తాడు, కాబట్టి మా ఆయన వాడిని మేడ మీదికి ఎత్తుకెళ్లాకే స్విచ్ వేస్తాను. గాలి పోయే చోట పిండి ఎగరకుండా కట్టే గాలిగుడ్డ సరిగ్గా బిగించకపోతే గదంతా పిండి. నువ్వులు, పల్లీలు పోయకూడదు, నూనెకు జాలీ పూడుకుపోతుంది. తడి గింజ అస్సలు పనికిరాదు. ఇది తెలంగాణ ఇళ్లకు పెద్ద దెబ్బ, ఎందుకంటే సకినాలకు నానబెట్టిన బియ్యమే పట్టాలి. సంక్రాంతికి మా అమ్మ మిక్సీలో కొద్దికొద్దిగా పట్టి, జల్లించి, నాకు వేరే నూనెలో వేసి ఇచ్చింది. సర్వీస్ కోసం ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అని తిప్పించారు. కరెంటు మాత్రం భయపడాల్సినంత కాదు, గంట నడిస్తే సుమారు ఒక యూనిట్.

నేను పాలు మానేసిన కొన్నాళ్లకే బాబుకు రక్తం ఆగింది. ఖాయం చేసుకోవడానికి డాక్టరమ్మ నన్ను మళ్లీ పెరుగు తినమంది, చారలు మళ్లీ కనిపించాయి. అంటే దోషం గోధుమది కాదు, పాలది. సోయా మానాల్సిన పని పడలేదు. కాబట్టి పిల్లాడికి మిషన్ వల్లే తగ్గిందని నేను చెప్పను. ఇలాంటివి చాలామంది పిల్లల్లో ఏడాది నిండేసరికి సర్దుకుంటాయట. మిషన్ వల్ల జరిగింది ఇదీ: ఆ నెలల్లో పాలు లేకుండా, గోధుమ లేకుండా కడుపు నిండా తిన్నాను, నాకు పాలు పడ్డాయి.

ఇంట్లో ఒక్కరికే సీలియాక్ ఉండి, అన్నం మీదే గడిచిపోయేవాళ్లకు ఇంత డబ్బు దండగ. రొట్టె లేకపోతే పూట గడవని ఇల్లు, పైగా చంటిపిల్ల వల్ల ఇంకేదైనా మానాల్సి వచ్చిన తల్లి అయితే తప్పకుండా కొనుక్కోండి. ఇప్పుడు బాబుకు ఏడో నెల, రాగిజావ తాగుతున్నాడు. వాడికి గోధుమ దూరం పెట్టాల్సిన పనిలేదు, ఏడాదిలోపే కొద్దికొద్దిగా మొదలుపెట్టమన్నారు, సీలియాక్ పరీక్ష అది తినడం మొదలయ్యాకే. గోధుమ మాత్రం ఈ మిషన్‌లో పట్టం. గోధుమ రవ్వ ప్యాకెట్ అత్తమ్మ అలమారలో ఉంది, గిన్నె, గరిటె కూడా వేరే.