కొత్త హాలో బాడీ గిటారా? ఉన్నదానికే కొత్త పికప్‌లా?

ఇంట్లో ఒక ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. మోగుతోంది కానీ చెవికి ఆనడం లేదు. చేతిలో కొంత డబ్బుంది. దానికే మంచి పికప్‌ల జత వేయించాలా, ఇంకొన్నాళ్లు ఆగి హాలో బాడీ (లోపల బోలుగా ఉండే గిటార్) కొనాలా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్వరం పుట్టే తీరు, ఆరిపోయే తీరు నచ్చకపోతే గిటారే మార్చాలి. సౌండ్ మసకగా ఉందనో, చెవిలో గుచ్చుకుంటోందనో అనిపిస్తే పికప్‌లు చాలు, ఒక్కోసారి అవి కూడా అక్కర్లేదు.

పికప్ అంటే అయస్కాంతం, దాని పక్కన వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. స్ట్రింగ్ కదలికను అది కరెంటుగా మారుస్తుంది, అంతే. స్ట్రింగ్‌లో లేని కదలికను అది పుట్టించలేదు. హాలో బాడీలో పైచెక్క పలుచగా ఉండి, స్ట్రింగ్‌తో పాటు తానూ కంపిస్తుంది. స్ట్రింగ్ శక్తిని లాగేసుకుంటుంది కాబట్టి స్వరం టక్కున లేచి, తొందరగా దిగిపోతుంది. జాజ్‌లో వరసగా కార్డ్‌లు మారుతున్నా ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా వినిపించడానికి ఈ గుణం ఎంతో సాయపడుతుంది. సాలిడ్ బాడీకి, అంటే నిండు చెక్కతో చేసిన గిటార్‌కు, ఎంత ఖరీదైన పికప్ బిగించినా ఈ గుణం రాదు.

అలాగని జాజ్ అంటే హాలో బాడీయే కావాలనుకుని అప్పు చేయకండి. కెనడా గిటారిస్టు ఎడ్ బికర్ట్ వాయించింది సాలిడ్ బాడీ టెలీకాస్టర్ మీద. నెక్ దగ్గరి పికప్ తీసేసి హంబకర్ (రెండు తీగచుట్టలతో హమ్ శబ్దాన్ని తగ్గించే పికప్) పెట్టించుకున్నారు. ఆయన రికార్డింగులు వింటే ఆ వెచ్చదనం సాలిడ్ బాడీలోంచి వస్తోందంటే నమ్మబుద్ధి కాదు. టోన్ ఒక్కటే కావాలంటే పికప్ మార్పు ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అసలు ప్రశ్న మీరు ఎక్కడ వాయిస్తారన్నది. గిబ్సన్ కంపెనీ హాలో బాడీ గిటార్ ఈఎస్-150 వచ్చిన 1936 నాటికి ఆంప్లిఫయర్లు చిన్నవి. బ్యాండ్ల సౌండ్ పెరిగేకొద్దీ స్పీకర్ మోతకు గిటార్ పైచెక్క ఊగిపోయి ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం మళ్లీ గిటార్‌లోకి వెళ్లి పుట్టే మోత) బాధ పెరిగింది. అందుకే 1958లో వచ్చిన ఈఎస్-335లో నడుమ నిలువునా మేపుల్ చెక్క దిమ్మ (సెంటర్ బ్లాక్) పెట్టారు. ఇలాంటివాటినే సెమీ హాలో అంటారు. బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ కోసం 1980లో చేసిన లూసిల్ మోడల్‌లో ఎఫ్-హోల్సే (పైచెక్క మీది ఎఫ్ ఆకారపు రంధ్రాలు) లేకుండా చేశారు. మన చర్చిల్లో, కాలేజీ ఫెస్టుల్లో పరిస్థితి తెలిసిందే. పక్కనే డ్రమ్స్, కాళ్ల దగ్గర మానిటర్. అక్కడ పూర్తి హాలో బాడీ పట్టుకుంటే వాయించడం మానేసి వాల్యూమ్ నాబ్‌కు కాపలా కాయాల్సి వస్తుంది. అలాంటి వాళ్లకు నేను కొనమని చెప్పను. కొనితీరాలంటే సెంటర్ బ్లాక్ ఉన్నదే చూసుకోవాలి. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి మోడల్ నంబర్ జాగ్రత్తగా చదవండి. గ్రెచ్ స్ట్రీమ్‌లైనర్‌లో జి2420 పూర్తి హాలో, జి2622 సెంటర్ బ్లాక్‌ది. ఐబనెజ్ ఆర్ట్‌కోర్‌లో ఏఎఫ్75 హాలో, ఏఎస్73 సెమీ హాలో.

ఇక పికప్‌ల సంగతి. డబ్బు తీసేముందు స్క్రూడ్రైవర్ తీయండి. చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కిపట్టి, దాని అడుగు నుంచి పికప్‌కు ఎంత ఎడం ఉందో కొలవండి. హంబకర్లకు నెక్ దగ్గర 2.4 మిల్లీమీటర్లు, బ్రిడ్జి (స్ట్రింగ్స్ ఆనే కింది ఆధారం) దగ్గర 1.6 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, చెవికి నచ్చేదాకా కొద్దికొద్దిగా తిప్పండి. నెక్ పికప్ మరీ దగ్గరగా ఉండటం వల్లే బేస్ ముద్దగా వినిపించే గిటార్లు చాలా ఉన్నాయి. స్ట్రింగ్స్ కూడా మార్చి చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అవి తుప్పు పట్టి మూగబోవడానికి ఎక్కువ కాలం పట్టదు. జాజ్ కోసమైతే ఫ్లాట్‌వౌండ్ (చదునైన తీగ చుట్టిన, నునుపైన స్ట్రింగ్స్) సెట్ ఒకటి వేసి వినండి. ఈ రెండింటితోనే సగంమందికి కొనాల్సిన అవసరం తీరిపోతుందని నా నమ్మకం.

అయినా మార్చాలనుకుంటే సైజు ముందు చూసుకోవాలి. ఫిల్టర్‌ట్రాన్, పి-90, మామూలు హంబకర్ లాంటి పికప్ రకాల్లో దేని కొలత దానిదే. హంబకర్ గుంటలో పట్టేలా చేసిన రకాలు దొరుకుతాయి, ఆర్డర్ పెట్టేటప్పుడు అదే అడగండి. తీగచుట్టకు మైనం పట్టించని పాతకాలపు తరహా పికప్‌లు హాలో గిటార్‌లో ఎక్కువ సౌండ్ దగ్గర కీచుమంటాయి. స్టేజీ మీద వాయించేవాళ్లు మైనం పట్టించినవి తీసుకోవడం మేలు.

బిగింపు పని కూడా సాలిడ్ బాడీలో అంత తేలిక కాదు. చాలా హాలో గిటార్లకు వెనకాల మూత ఉండదు. పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది భాగాలు), స్విచ్, జాక్ మార్చాలంటే అన్నీ ఎఫ్-హోల్ లోంచే బయటికి లాగాలి. విప్పేముందు ఒక్కో పాట్ ఇరుసుకు దారం కట్టి, పని అయ్యాక ఆ దారంతోనే దాని రంధ్రంలోకి లాక్కోవాలి. బ్రిడ్జి స్క్రూలతో బిగించి లేకపోతే, స్ట్రింగ్స్ విప్పేముందు దాని చుట్టూ టేపు అంటించి గుర్తు పెట్టండి, లేదంటే ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగ్గా పలకడం) మళ్లీ మొదట్నుంచి సరిచూసుకోవాలి. పనితనం తెలిసిన మనిషి మీ ఊళ్లో లేకపోతే, ఈ ఒక్క కారణంతోనే కొత్త గిటార్ వైపు మొగ్గవచ్చు.

నా లెక్కలో, సెమీ హాలో ఉన్నవాళ్లు పికప్‌లు మార్చుకోవాలి. సాలిడ్ బాడీ ఒక్కటే ఉండి, ఎక్కువగా ఇంట్లో వాయించేవాళ్లు, రికార్డింగ్ చేసుకునేవాళ్లు ఆగి హాలో బాడీయే కొనాలి. ఒళ్లో ఆ పెట్టె కంపిస్తుంటే చేతులు వాయించే తీరే మారుతుంది. షాపులో ముందు ఆంప్ పెట్టకుండా పది నిమిషాలు వాయించండి, అప్పుడు నచ్చితేనే ప్లగ్ పెట్టమనండి. పికప్‌లు మార్పించేవాళ్లు మాత్రం పాతవి పారేయకుండా దాచుకోండి. గిటార్ అమ్మేటప్పుడు కొత్త పికప్‌ల డబ్బు పూర్తిగా తిరిగి రాదు, పాతవి బిగించి ఇచ్చి కొత్తవి మీ దగ్గరే ఉంచుకోవచ్చు.