ఆటోక్లేవా, హాట్ ఎయిర్ ఓవెనా?

ల్యాబ్ సామగ్రిని శుద్ధి చేసే ఈ యంత్రాలు రెండూ వేడితోనే సూక్ష్మజీవుల్ని చంపుతాయి. తేడా అంతా తేమలో ఉంది: ఆటోక్లేవ్ పీడనంలో ఉన్న ఆవిరితో, హాట్ ఎయిర్ ఓవెన్ పొడి వేడి గాలితో పని చేస్తాయి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్, చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం దగ్గర 15 నిమిషాలు చాలు. ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచాలి. ఆవిరి చల్లటి వస్తువును తాకగానే నీరుగా మారి, తనలోని వేడినంతా అక్కడే వదిలేస్తుంది. పొడి గాలికి ఆ బలం లేదు.

ఆటోక్లేవ్‌లో పని చెడేది ఎక్కువగా లోపల మిగిలిపోయిన గాలి వల్లే. పీడనం మీటర్ ముల్లు 15 చూపిస్తుంది, వేడి మాత్రం 121కి చేరదు. అందుకే వాల్వ్ నుంచి ఆవిరి ఎడతెగని ధారగా వచ్చేదాకా ఆగి, అప్పుడే మూయాలి. మూకుళ్లు, గిన్నెలు బోర్లించి లేదా పక్కకు వాల్చి పెట్టాలి. నిటారుగా పెడితే అడుగున గాలి నిలిచిపోతుంది. ద్రావణాలున్న సీసాల మూతలు వదులుగా ఉంచి, పీడనం దానంతట అదే సున్నాకు దిగాకే తలుపు తీయాలి. తొందరపడితే సీసాలు పొంగిపోతాయి, పగిలిపోతాయి కూడా. సామగ్రిని చుట్టి పెట్టిన పొట్లాలు తడిగా బయటికి వస్తే వాటిని శుద్ధమైనవిగా లెక్కపెట్టకూడదు.

నూనెలు, పౌడర్లు మాత్రం ఓవెన్‌కే పంపండి. ఆవిరి వాటి లోపలికి చొరబడదు. గాజు పిపెట్లు (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టాలు), పెట్రీ డిష్‌లకూ (సూక్ష్మజీవుల్ని పెంచే మూత పళ్లేలు) అదే మేలు, పొడిగా చేతికొస్తాయి. అయితే కడిగి పూర్తిగా ఆరబెట్టాకే పెట్టాలి. ప్లాస్టిక్, రబ్బరు, కల్చర్ మీడియా (సూక్ష్మజీవుల్ని పెంచే పోషక పదార్థం) ఓవెన్‌లో అసలు పెట్టకూడదు.