పెంకులా, తోకా? చిన్న గెలాక్సీ పడే దారిని బట్టే అంతా

మొన్న సాయంత్రం విజయవాడ రాజీవ్ గాంధీ పార్కులో పాపని ఉయ్యాల ఊపుతుంటే నాకు చుట్టూ పెంకుల్లాంటి పొరలున్న ఎన్‌జీసీ 474 గెలాక్సీ గుర్తొచ్చింది (నవ్వకండి). చిన్న గెలాక్సీ ఒకటి పెద్దదాని నడిబొడ్డుకి దాదాపు సూటిగా వచ్చి పడితే చెదిరిపోతుంది, దాని నక్షత్రాలు కేంద్రం దాటి అటు చివరికీ, మళ్లీ ఇటు చివరికీ ఊగుతూనే ఉంటాయి. ఉయ్యాల పైకెళ్లి వెనక్కి తిరిగేచోట ఓ క్షణం ఆగినట్టుంటుంది కదా, నక్షత్రాలూ అక్కడే నెమ్మదించి గుమిగూడతాయి. మనకది ఉల్లిపొరలాంటి పెంకులా కనిపిస్తుంది. ఊగే కాలం ఒక్కోదానికీ ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక్క గుద్దుకే బోలెడు పెంకులు. 1984లో ఖగోళ శాస్త్రవేత్త పీటర్ క్విన్ కంప్యూటర్ లెక్కలతో చూపించింది ఇదే.

అదే చిన్నది బెంజ్ సర్కిల్ చుట్టూ తిరిగే ఆటోలా పక్కగా వస్తే? పెంకుల్లేవు, దారి పొడవునా సాగిన తోకే. పాలపుంతని చుట్టిన ధనూరాశి మరుగుజ్జు గెలాక్సీ తోక అలాంటిదే.

నా ఓటు పెంకులకే. వాటి మధ్య ఎడాన్ని బట్టి తాకిడి ఎప్పుడు జరిగిందో అంచనా కట్టొచ్చు. ఎన్‌జీసీ 4651లో మాత్రం రెండూ ఉన్నాయి: కర్రలా తోక, దాని చివర పెంకు, అచ్చం గొడుగే.